వియ్యంకుడి పడవ

పడవ తెచ్చుకున్న మూడో రోజుకే దాన్ని రంపంతో రెండు ముక్కలు చేసి, ఒక ముక్కతో రెండో ముక్కని బాదాలనిపించింది. కోపం తగ్గాక అన్న మాట ఇది. కోపంలో ఉండగా అన్నవి అచ్చుకి పనికిరావు.

నేను తలుపులు చేసేవాణ్ణి. నలభై ఐదేళ్ళు తలుపులూ కిటికీలూ చేసి చేతులు కాయలు కాయించుకున్నాను. నేను బిగించిన తలుపు ఎంత ఒద్దికగా కూర్చునేదంటే, ఒక ఇంట్లో దాన్ని వేసి వారం రోజులు తియ్యకపోతే గదిలో గాలి అయిపోయి గోడ గడియారం ఊపిరాడక ఆగిపోయింది. నమ్మనివాళ్ళు వెళ్ళి చూసుకోవచ్చు, ముల్లు ఇప్పటికీ నాలుగుంబావు దగ్గరే ఉంది. అంతటివాణ్ణి అరవై ఎనిమిదో ఏట, ఒక్క తిన్నటి గీత కూడా లేని వస్తువుని తెచ్చి నెత్తిన పెట్టుకున్నాను.

అంటగట్టినవాడు పరాయివాడైతే చొక్కా పట్టుకుని అడిగేవాణ్ణి. కానీ ఆయన మా వియ్యంకుడు. మా అమ్మాయిని వాళ్ళబ్బాయికిచ్చి పదకొండేళ్ళయింది. పిల్లనిచ్చిన చోట లోపల ఎంత తిట్టుకుంటున్నా పైకి 'బావగారూ' అనే అనాలి, ముందు కుర్చీ వేసి తరవాత మాట్లాడాలి. రేవులో అందరూ ఆయన్ని కెప్టెన్ అంటారు. ఏనుగులాంటి మనిషి, నెత్తిన తెల్లటోపీ. ముప్ఫై ఏళ్ళుగా ప్రతి ఆదివారం భార్యని ఎక్కించుకుని ఆ పడవలో వెళ్ళడం, సాయంత్రం జెట్టీ మీద నిలబడి తను లొంగదీసిన అలల గురించి చెప్పడం ఆయన అలవాటు. నేనూ కోతలు కోసేవాణ్ణే కాబట్టి సాటి కళాకారుడిగా చెవులప్పగించి వినేవాణ్ణి.

కొన్నాళ్ళుగా పడవ తియ్యడం మానేసి, నెల కిందట మోకాళ్ళ నొప్పులన్నాడు. పడవ ఇచ్చేస్తానన్నాడు. నేను చేసిన భోజనాల బల్లా ఎనిమిది కుర్చీలూ ఆయనింటికి వెళ్ళాయి, పడవ నాకొచ్చింది. ఆ కుర్చీల్లో ఒక్కటి కూడా ఇవాళ్టిదాకా కిర్రుమనలేదు. పడవ మాత్రం నేను జెట్టీ మీద దగ్గినా కిర్రుమనేది.

అది చాలదన్నట్టు తెరచాప కొయ్యకి ఒక నోటీసు అంటించి ఉంది. ఏడాదిలో ఒక్కసారైనా తెరచాపతో బయటికెళ్ళి, రేవు అవతల తేలే ఎర్ర పీపాని చుట్టి రాని పడవని పాడుపడినదిగా లెక్కగట్టి, ఒడ్డుకి లాగి పగలగొట్టేస్తారట. మా పడవ గడువు శనివారం సాయంత్రం ఐదింటితో ఆఖరు. ఈ సంగతి కెప్టెన్ నాకు చెప్పలేదు. అడిగితే, "అదొక లాంఛనం బావగారూ, చుట్టేసి రండి," అన్నాడు, వీధి చివర కొట్టుకెళ్ళి అగ్గిపెట్టె తెమ్మన్నట్టు.

ఎవరినైనా అడిగి నేర్చుకోవచ్చుగా అంటారు. అక్కడే నా నోరు నన్ను ముంచింది. పడవ చేతికొచ్చిన రోజే జెట్టీ మీద నలుగురిని పోగేసి, చిన్నప్పుడు నేను నీళ్ళ మీదే పెరిగాననీ, ఒకసారి ఒక తిమింగలం మా పడవకి వీపు గోక్కుని వెళుతూ వెళుతూ నావైపు చూసి కన్ను గీటిందనీ చెప్పేశాను. తిమింగలం చేత కన్ను గీటించుకున్నవాడు తాడు ఏ వైపు లాగాలని ఎవరినడుగుతాడు?

దాంతో పడవని నా అంతట నేనే చదువుకోవడం మొదలెట్టాను. దాని వయసు ముప్ఫై నాలుగు, పొడుగు ఇరవై అడుగులు. పెద్ద తెరచాప ఒకటి, ముందు చిన్నది ఒకటి. వెనక చుక్కాని, దాన్ని తిప్పే కర్ర. ముందుగా అడుగు చెక్క మీద రసమట్టం పెట్టాను. గాజు గొట్టంలో బుడగ ఎడమవైపుకి పోయి కూర్చుంది. అంటే పడవ కుడికి వాలి ఉంది. కుడి బల్ల కింద వెతికితే పదకొండు పలకరాళ్ళు దొరికాయి, గోనెగుడ్డలో చుట్టి పుస్తకాల్లా పేర్చినవి. పడవలో రాళ్ళు పెట్టుకున్న మహానుభావుణ్ణి తిట్టుకుంటూ ఒక్కొక్కటీ నీళ్ళలోకి విసిరాను. బుడగ మధ్యకొచ్చింది. జీవితంలో మొదటిసారి ఆ పడవ తిన్నగా నిలబడిందని పొంగిపోయాను.

తాళ్ళన్నీ కుడివైపే బిగించి ఉన్నాయి. నాది కుడిచేతి వాటం. చుక్కాని కర్ర కుడిచేతిలో ఉండాలంటే నేను ఎడమవైపు కూర్చోవాలి, అక్కణ్ణించి తాడు అందుకోవాలంటే చెయ్యి మీటరు సాగాలి. తాడు కట్టే కొయ్యలన్నీ ఊడదీసి ఎడమవైపు బిగించాను. చుక్కాని కర్ర కుడికి వంగి ఉంది. వంగిన కర్రని చూస్తూ ఊరుకుంటే నేను వడ్రంగిని ఎలా అవుతాను? దాన్ని తీసి కొట్లో పాతచెక్కల గుట్టలో పడేసి, చిత్రిక పట్టిన తిన్నటి కర్ర వేశాను. కుడి బల్ల ముందు నేల మీద జానెడు దిమ్మ ఒకటి మేకులు కొట్టి ఉంది. రెండుసార్లు నా కాలి ఎముక దానికి తగిలి కళ్ళలో చుక్కలు కనిపించాయి. మూడోసారి తగిలే భాగ్యం దానికి లేకుండా ఉలితో లేపేశాను.

ఇక ముడులు. ఆ ముడులు వేసినవాడి మీద నాకు పుట్టిన కోపం ఇంతా అంతా కాదు. నేను వేసే ముడికి ప్రతిదీ అద్దంలో బొమ్మలా తిరగేసి ఉండేది. ఎటు లాగినా బిగుసుకునేది. చివరికి చాలావాటిని కోసేశాను.

"మీరు పడవ బాగు చేస్తున్నారా, దాని మీద పగ తీర్చుకుంటున్నారా?" అంది మా ఆవిడ, మధ్యాహ్నం అన్నం తెచ్చి జెట్టీ మీద నిలబడి.

"దీన్ని దారికి తెస్తున్నా."

"పెళ్ళైన కొత్తలో నా గురించి కూడా మీ అమ్మతో ఇదే మాట అన్నారు," అని క్యారియర్ అక్కడ పెట్టి వెళ్ళిపోయింది.

బుధవారం మంచి గాలి వచ్చింది. తెరచాప ఎత్తాను. ఎడమవైపు కూర్చున్నాను. పడవ ఎడమకి వాలిపోయింది, ముక్కు కుడికి తిప్పింది. నేను ఎడమకి తిప్పితే వినలేదు. ఇంకా గట్టిగా తోస్తే నా కొత్త కర్ర గంధపు చెక్కలా నున్నగా ఉండి అరచేతిలోంచి జారిపోయింది. కుడివైపు జెట్టీ ఉంది. పడవ వెళ్ళి జెట్టీని ఎలా గుద్దిందంటే, అక్కడ పడుకున్న నాలుగు పిల్లుల్లో ఒకటి లేచి నావైపు చూసి, మిగతావాటికి ఏదో చెప్పింది.

జెట్టీ మీద కెప్టెన్ ఉన్నాడు, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని.

"బతిమాలాలి బావగారూ, బలవంతం చెయ్యకూడదు."

"ఎటు తిప్పాలో చెప్పండి బావగారూ."

"అది మనం చెప్పేది కాదు, గాలి చెబుతుంది."

"గాలి మిమ్మల్నే అడగమంటోంది బావగారూ."

"చేతికి తెలియాలి," అన్నాడు ఆకాశంలోకి చూస్తూ. "మాటల్లో వచ్చే విద్య కాదు."

ఎదురుగా ఆఫీసు కిటికీలోంచి రేవు గుమాస్తా బయటికి వంగాడు. నోటీసు అంటించింది ఆయనే. "మేస్త్రీ గారూ, జెట్టీ పలక ఒకటి విరిగింది. మీరే వేస్తారా, నేను రాసుకోనా?"

"వేస్తాను."

"పడవ సంగతి? శనివారం లాగేవాళ్ళకి కబురు పెట్టేశాను. తరవాత రావొద్దంటే తిడతారు."

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ముప్ఫై నాలుగేళ్ళ కట్టెని నా కళ్ళ ముందు గొడ్డళ్ళతో కొడతారు. దాన్ని తిట్టే హక్కు నాకుంది. నెల రోజులుగా దాని ప్రతి కీలూ తడిమాను, అడుగు చెక్కలు ఇప్పటికీ గంట కొట్టినట్టు మోగుతాయి, ఎక్కడా పుచ్చు లేదు. అంత మంచి చెక్కని పొయ్యిలోకి పంపే హక్కు మాత్రం ఎవడికీ లేదు.

మడిచిపెట్టిన చిన్న తెరచాపకి కట్టి ఉన్న తాట్లో కొయ్యడానికి మనసొప్పక వదిలేసిన ముడి ఒకటుంది. ఆ తాడు ఊడదీసి చేత్తో పట్టుకుని, సాయంత్రం తిన్నగా వియ్యంకుడింటికి వెళ్ళాను. ఆయన నా కుర్చీలో కూర్చుని, నా బల్ల మీద మోచేతులు పెట్టుకుని టీ తాగుతున్నాడు. వెనకగదిలో కుట్టుమిషన్ దగ్గర ఆయన భార్య కిటికీ తెరలు కుడుతోంది. ఆవిడ సన్నగా, పొట్టిగా ఉంటుంది. పదకొండేళ్ళ వియ్యంలో ఆవిడ నోట నేను విన్నవి రెండే మాటలు: "రండన్నయ్యగారూ" ఒకటి, "టీ తీసుకోండి" రెండోది.

తాడు బల్ల మీద పడేశాను. "బావగారూ, ఇది మీ ముడి. విప్పండి. చూసి నేర్చుకుంటాను."

"ఓస్ ఇంతేనా," అని టీ కప్పు పక్కన పెట్టాడు. లాగాడు. తిప్పి లాగాడు. కళ్ళజోడు తెచ్చుకుని లాగాడు. గోరు విరిగింది. "తడిసి ఎండింది, బిగుసుకుపోయింది," అన్నాడు. పన్నుతో పట్టుకున్నాడు. ఆయన చెవులు ఎర్రబడడం చూస్తూ నేను కదలకుండా కూర్చున్నాను. పావుగంట గడిచింది.

మిషన్ చప్పుడు ఆగింది. ఆవిడ వచ్చింది. మొగుడి నోట్లోంచి తాడు తీసుకుంది. కుడిచేత్తో ఒక కొస పట్టుకుని, ఎడమచేత్తో రెండో కొసని ఒక్క మెలి తిప్పి లాగింది. ముడి విడిపోయి తాడు నేల మీద పడింది. ఆవిడ మళ్ళీ మిషన్ దగ్గరికి వెళ్ళి కూర్చుంది. కానీ కుట్టలేదు.

నాకు అర్థం కావడానికి ఎంతసేపు పట్టిందో చెప్పుకుంటే సిగ్గు. కుడి బల్ల మీద కూర్చునేది ఎడమచేతి వాటం మనిషి. దిమ్మ పొట్టికాళ్ళకి ఆనిక. వంగిన కర్ర ఆ చేతికందేలా వంచింది.

"చెల్లెమ్మగారూ," అన్నాను. "పడవ నడిపింది మీరా?"

"ఎవరనుకున్నారు?" అంది వెనక్కి తిరక్కుండానే.

"నేను దిక్కు చెప్పేవాణ్ణి," అన్నాడు కెప్టెన్.

"ఆయన ముందు ఎడమవైపు కూర్చుని మాట్లాడేవారు. ఆయన బరువుకి పడవ ఎడమకి ఒరిగేది. అందుకని నా బల్ల కింద రాళ్ళు పెట్టుకున్నాను."

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని మా పంతులు చెప్పేవాడు. ఒక మనిషి గొప్పల్ని తూకం వేసి పదకొండు పలకరాళ్ళేనని తేల్చిన మనిషిని నేను అంతవరకూ చూడలేదు. నవ్వొచ్చేదే, ఆవిడ ఇటు తిరిగి ఉండకపోతే.

"పది నెలల కిందట మెట్ల మీద జారి మణికట్టు విరిగింది," అంది. ఆవిడ గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే బాగుండేదనిపించింది. "సరిగా అతకలేదని మళ్ళీ విరగ్గొట్టి పిండికట్టు వేశారు. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చేసరికి ఇక్కడ ఈ బల్ల ఉంది. పడవేదని అడిగితే, ఇంక నీ వల్లేమవుతుంది అన్నారు. ఏరు దాటి తెప్ప తగలెయ్యడం విన్నాను గానీ, నా తెప్పని నన్నడక్కుండా ఎదుటివాడికి ఇచ్చెయ్యడం ఈయన దగ్గరే చూశాను."

"నీ చెయ్యి చూసే కదా..." అన్నాడు కెప్టెన్.

"మీ మోకాళ్ళని చెప్పారు ఊరందరికీ. నా చెయ్యి అని ఒక్కరికైనా చెప్పారా?" ఆయన టీలోకి చూశాడు. ఆవిడ నావైపు తిరిగింది. "మీరూ తక్కువవారు కారన్నయ్యగారూ. నెల రోజులు ఈ కిటికీలోంచి చూశాను. తాళ్ళు ఇటెందుకున్నాయి, ఈ దిమ్మ ఎందుకుంది అని అనుమానమొచ్చి అడుగుతారనుకున్నాను. మీరు రంపం తీశారు. ప్రతి దెబ్బా ఇక్కడికి వినిపించింది."

తిట్టించుకోవడం నాకు కొత్త కాదు, కానీ ఎప్పుడూ ఎదురు తిట్టడానికి ఏదో ఒకటి మిగిలేది. ఈసారి ఏం మిగల్లేదు. దాంతో ఆ కోపం కూడా కెప్టెన్ మీదకే మళ్ళించాను.

"శనివారం దాన్ని పగలగొడతారు," అన్నాను.

"తెలుసు. రేపు పొద్దున్నే మీ ఉలీ సుత్తీ తీసుకుని రండి. మీ కోసం వస్తున్నాననుకోకండి. ఈయన కోసం అంతకన్నా కాదు."

గురువారమంతా నేను చేసిన పని నేనే విప్పాను. అంతకంటే ఘోరమైన శిక్ష పనివాడికి ఉండదు. ఆవిడ జెట్టీ అంచున కూర్చుని చూస్తూ, "ఇంకొంచెం వెనక్కి", "మేకు కాదు, మర బిగించండి" అనడం తప్ప ఇంకో మాట అనలేదు. కొయ్యలు కుడికి వచ్చాయి. వంగిన కర్ర చెక్కల గుట్టలోంచి తెచ్చి మళ్ళీ వేశాను. దిమ్మకి కొత్త ముక్క కోసి, ఆవిడ పాదం ఎక్కడ ఆనుతుందో సుద్దతో గీసి బిగించాను. రాళ్ళ మాట ఎత్తి తల గోక్కున్నాను.

"నీళ్ళలో వేశారు. చూశాను. ఆయన ఎక్కకపోతే రాళ్ళతో పని లేదు."

శుక్రవారం గాలి లేదు. ఆకు కదల్లేదు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఇద్దరం పడవలో కూర్చుని, వేలాడే తెరచాపని చూస్తూ ఒకరితో ఒకరు మాట్లాడకుండా మండిపోయాం. మధ్యాహ్నం మా ఆవిడ వచ్చి ఇద్దరినీ చూసి, "గాలి కూడా ఆడదే అయ్యుంటుంది, ఎవరూ మర్యాదగా అడగలేదు," అంది. వియ్యపురాలు ఆ రోజు మొత్తంలో నవ్వింది అప్పుడే.

శనివారం ఒంటిగంట దాటాక నీళ్ళ మీద ముడతలు కనిపించాయి. మేం తాళ్ళు విప్పుతుంటే కెప్టెన్ వచ్చాడు, ఇస్త్రీ చొక్కా, తెల్లటోపీ. ఒక కాలు పడవలో పెట్టబోయాడు.

"రాళ్ళు లేవు," అంది ఆవిడ.

కాలు గాల్లో ఆగింది. ఆయన భార్యని చూశాడు, నన్ను చూశాడు, కాలు వెనక్కి తీసుకున్నాడు. ముప్ఫై ఏళ్ళలో ఆయన లేకుండా ఆవిడ ఆ పడవ నడపడం అదే మొదటిసారట.

ఆవిడ కుడి బల్ల మీద కూర్చుంది, పాదం దిమ్మకి ఆనించింది, ఎడమచేత్తో కర్ర పట్టుకుంది. మణికట్టు దగ్గర ఎముక ఇంకా గుబ్బగా ఉంది. నేను మధ్యలో కూర్చున్నాను, తాళ్ళ దగ్గర.

"పెద్ద తాడు లాగండి. ఇంకా. చాలు. ఇప్పుడు కొంచెం వదలండి."

వదిలాను.

"కొంచెం అన్నాను. విడాకులిమ్మనలేదు."

పడవ జెట్టీని చూసింది, చూడనట్టు నటించింది, పక్కనించి వెళ్ళిపోయింది. బుధవారం నా మీద పగబట్టిన పడవ ఇదే. రేవు నోట్లో గాలి ఎదురైంది. ఆవిడ "తల" అంది. తల విషయంలో ఏమంటుందా అని ఆలోచించేలోపు తెరచాప కింద ఉండే కర్ర వచ్చి నెత్తి మీద ఒకటిచ్చింది. ఆ మలుపులో పడవ ఎలా తిరిగిందంటే, కీలుకి నూనె పెట్టిన మంచి తలుపు ఒక్క వేలితో తోస్తే చప్పుడు లేకుండా వెళ్ళి చట్రంలో కూర్చుంటుందే, అలా తిరిగింది. అది చూశాక నా మీద నాకు ఇంకా మండింది. ఇలాంటి పనితనం మీద ఉలి పెట్టాను నేను.

"నేర్చుకుందామనుకున్నారా, పేరు కావాలనుకున్నారా?" అంది ఆవిడ పీపా వైపు చూస్తూ.

అబద్ధం నోటిదాకా వచ్చింది. తిమింగలం కూడా వచ్చింది. "పేరే," అన్నాను.

"అయితే ఆయనకీ మీకూ సరిపోయింది," అంది. "తల."

ఈసారి వంగాను.

పీపా చుట్టి వెనక్కి వచ్చేసరికి మూడు కావస్తోంది. గుమాస్తా కాగితంతో జెట్టీ మీదకి వచ్చాడు. 'చుట్టి వచ్చినది' అన్న చోట టిక్కు పెట్టాడు. 'యజమాని' అన్న చోట నా వివరాలు రాశాడు. 'నడిపినవారు' అన్న గీత దగ్గర కలం ఎత్తి కెప్టెన్‌కి ఇచ్చాడు.

"ఆయనెందుకు?" అన్నాను. "ఆయన పడవలోనే లేడు."

"పడవ నడిపే కార్డు ఆయనకే ఉంది కదండీ. కార్డు ఉన్నవాళ్ళే సంతకం పెట్టాలి. నోటీసు వెనకవైపు ఉంది, చదవలేదా?"

చదవలేదు. మా బడిలో కాగితానికి వెనకవైపు చదవడం నేర్పలేదు.

"నడిపింది ఈవిడ," అన్నాను.

"నాకు కళ్ళు లేవా మేస్త్రీ గారూ? పదిహేనేళ్ళుగా ఆ కిటికీలో కూర్చున్నాను. ఈ రేవులో తెలియనివాడెవడు?"

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీరు నోరు మూస్తే కదా చెప్పడానికి." కలం ఇంకా కెప్టెన్ ముందే పెట్టి ఉంచాడు. "ఏటా జరిగేదే. ఈయన సంతకం, కింద యజమాని సంతకం. పడవ బతుకుతుంది. ఆవిడ పేరు రాస్తే కార్డేదంటారు, పైవాళ్ళు పాత కాగితాలన్నీ తీస్తారు. లాగేవాళ్ళు ఐదింటికి వస్తున్నారు. మీ ఇష్టం."

కెప్టెన్ కలం తీసుకున్నాడు. అలవాటైన చెయ్యి. ఆవిడ పడవలోంచి చూస్తోంది. ఇన్నేళ్ళూ ఏమీ అనని మనిషే కదా. ఆయన పెట్టేశాడు. పెట్టి, కాగితం నావైపు జరిపాడు. "కానివ్వండి బావగారూ, పడవ దక్కింది చాలు."

మాకు ఒక పద్ధతి ఉంది. ఎవడి తలుపుకి వాడు, పై అంచున ఎవరికీ కనపడని చోట, ఉలితో చిన్న గుర్తు వేసుకుంటాడు. నేను నలభై ఐదేళ్ళలో ఎన్ని అబద్ధాలాడానో ఎంచితే నక్షత్రాలు తక్కువ పడతాయి. కానీ ఒకడు చేసిన తలుపు మీద ఇంకొకడి గుర్తు చెక్కడం నేను చెయ్యలేదు, చేసినవాణ్ణి చూస్తే పలకరించలేదు. ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాను.

"నేను పెట్టను. ఇంకో కాగితం తెండి."

"పడవ పోతుంది," అన్నాడు గుమాస్తా.

"బావగారికి మతిపోయింది," అన్నాడు కెప్టెన్.

"మీరు నోరు ముయ్యండి బావగారూ," అన్నాను. పదకొండేళ్ళ వియ్యంలో అంత మాట ఎవరూ ఎవరినీ అనలేదు. మా అమ్మాయి కాపురం సంగతి ఆ తరవాత గుర్తొచ్చింది. ఆయన టోపీ సర్దుకున్నాడు.

వియ్యపురాలు పడవలోంచే అడిగింది. "గుమాస్తా గారూ, వెనకవైపు అంతా చదవండి. కార్డు లేనివాళ్ళ సంగతేమిటి?"

గుమాస్తా ఆ ముక్కలు ఏరి జేబులో పెట్టుకుంటూ నీళ్ళు నమిలాడు. "కార్డు లేకపోతే... అధికారి స్వయంగా ఎక్కి పరీక్షించి... అదెప్పుడూ ఎవరూ..."

"అధికారి ఎవరు?"

ఆయన చుట్టూ చూశాడు. జెట్టీ మీద రేవు ఉద్యోగులు ఇంకెవరూ లేరు.

"ఎక్కండి," అంది.

"ఇప్పుడా? నేను భోజనం చేసి గంట కూడా..."

"రెండు గంటలు టైముంది. గాలి బాగుంది. ఎక్కండి."

పదిహేనేళ్ళు రేవులో ఉద్యోగం చేసిన ఆ మనిషి నీళ్ళ వంక ఎలా చూశాడంటే, ఆయన ఒక్కసారి కూడా పడవెక్కలేదని నాకు తెలిసిపోయింది. కాగితాల సంచీ గుండెకి హత్తుకుని ఎక్కాడు. తాళ్ళ దగ్గర ఒక్కరికే చోటు, ఈసారి అక్కడ కూర్చోవాల్సింది ఆయనే మరి. నేను జెట్టీ మీద దిగిపోయాను.

నా పడవ నన్ను ఒడ్డున పెట్టి వెళ్ళిపోయింది. ఇద్దరు వియ్యంకులం పక్కపక్కన నిలబడ్డాం, మధ్యలో మనిషి పట్టేంత ఎడం వదిలి. "లాగండి" అని ఆవిడ గొంతు నీళ్ళ మీదుగా వచ్చింది. "లాగమన్నాను, మొక్కమనలేదు." తరవాత "తల" అని వినిపించింది. ఆ తరవాత గుమాస్తా గొంతు.

పీపా దగ్గర గాలి ఒక్కసారి విసురుగా కొట్టింది. తెరచాప నీళ్ళ మీదకి వంగింది. నేను చేతిలో లేని తాడుని లాగబోయాను. కెప్టెన్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఆ చెయ్యి నిలుస్తుందా," అన్నాడు, నాతో కాదు. ఆయన నోట కోతలు లేని మాట వినడం నాకదే మొదలు.  నాకు కోపం ఉన్నవాడితో ఓదార్పు మాటలు మాట్లాడడం నాకు చేతకాదు.

తెరచాప లేచింది. ఆవిడ రెండు చేతులతో కర్ర పట్టుకుని ఉంది. పడవ చుట్టి తిరిగింది.

నాలుగూ పదికి జెట్టీకి వచ్చారు. గుమాస్తా నడుము దాకా తడిసి, ముఖం సున్నం కొట్టినట్టు ఉన్నాడు. దిగగానే జెట్టీ పలకలని రెండు చేతులతో తడుముకున్నాడు. ఏమీ అడక్కుండా సంచీలోంచి కొత్త కాగితం తీశాడు. అదీ తడిసింది. స్టాంపు రెండుసార్లు కొడితేగానీ పడలేదు. ఆవిడ ఎడమచేత్తో కలం పట్టుకుని 'నడిపినవారు' దగ్గర సంతకం చేసింది. కింద నేను చేశాను. గుమాస్తా ఆఫీసుకి వెళ్ళి, లాగేవాళ్ళని రావద్దని ఫోన్ చెయ్యడం కిటికీలోంచి వినిపించింది. ఆయన అన్నట్టే వాళ్ళు తిట్టారు.

"ఇంటికి పోదాం పద," అన్నాడు కెప్టెన్ భార్యతో.

"మీరు వెళ్ళండి. ఇంకా వెలుతురుంది." మణికట్టుని రెండో చేత్తో నొక్కుకుంటూ నావైపు చూసింది. "మీరు ఎక్కుతారా, ఆయనతో వెళ్తారా? నా కోపం తగ్గిందనుకుని మాత్రం ఎక్కకండి."

"నాదీ తగ్గలేదు," అని ఎక్కాను.

"చెప్పులు," అంది.

నా పడవలో, నా భోజనాల బల్లా ఎనిమిది కుర్చీలూ ఇచ్చి తెచ్చుకున్న పడవలో, నన్ను చెప్పులు విప్పమంటుంది. ఒళ్ళు భగ్గుమంది. విప్పి జెట్టీ మీదకి విసిరి, తాళ్ళ దగ్గర కూర్చున్నాను.